చలికాలంలో ఇల్లు వెచ్చగా అనిపించాలంటే ముందు నేల, తర్వాత కిటికీ, ఆ తర్వాతే దిండ్లు

ఇల్లు వెచ్చగా సర్దుదామనుకున్న మొదటి చలికాలం నేను చేసిన తెలివితక్కువ పని చెప్పి మొదలుపెడతా. ఫొటోలు చూసి చూసి ఆగలేక ఒకే వారంలో ఆరు కుషన్లు, రెండు బొచ్చు దుప్పట్లు, ఒక సీరియల్ లైట్ల దండ, నాలుగు కొవ్వొత్తులు తెచ్చి హాలంతా సర్దేశా, ఫోన్లో ఫొటో తీస్తే అదిరిపోయింది, చూసినవాళ్ళందరూ అబ్బ ఎంత బావుందో అన్నారు కూడా. తీరా చూస్తే ఆ హాల్లో ఎవరూ కూర్చోవట్లేదు. మా ఆయన ల్యాప్‌టాప్ పట్టుకుని బెడ్‌రూమ్‌లోకి పోతాడు, పిల్లాడు మంచం దిగడు, అత్తయ్యగారైతే సోఫా వైపు కూడా చూడకుండా తన పాత కుర్చీ ఈడ్చుకెళ్ళి చెక్క బీరువా పక్కన గోడకి ఆనించి వేసుకుని, కాళ్ళు ఓ చిన్న పీట మీద పెట్టుకుని కూర్చునేవారు. ఇంత ఖర్చు పెట్టి సర్దితే ఈవిడ వెళ్ళి బీరువా పక్కన కూర్చుంటారేంటి అని నేను లోపల్లోపల చిన్నబుచ్చుకున్నా.

ఓ రోజు ఆవిడ లేనప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుని చూశా. అక్కడ నిజంగానే వెచ్చగా ఉంది! వెనక ఉన్నది బయటి గోడ కాదు లోపలి గోడ, పక్కన చెక్క, పాదాలు నేలకి తగలట్లేదు, కిటికీ దూరం. నా సోఫా ఏమో సరిగ్గా పెద్ద కిటికీ కింద ఉంది, కింద గచ్చు ఐసులా ఉంది, నెత్తిన తెల్లటి ట్యూబ్‌లైటు. దాని మీద ఎన్ని కుషన్లు పడేస్తే ఏం లాభం.

అందుకే ఈ గైడ్‌లో ఆర్డర్ వేరుగా ఉంటుంది. చలి ఒంటికి ఎక్కడెక్కడ తగులుతోందో ముందు అక్కడ పని, ఆ తర్వాత కంటికి. ఇంకోటి, ఇల్లంతా ఒకేసారి పెట్టుకోకండి, ఒక్క గది, వీలైతే ఆ గదిలో ఒక్క మూల. ఆ మూలలో ఇంట్లోవాళ్ళు అడక్కుండా వచ్చి కూర్చుంటే మీ పని కుదిరినట్టు.

మొదటి పని: ఒక రాత్రి ఊరికే ఇల్లంతా తిరగండి

ఏమీ కొనొద్దు. బాగా చలిగా ఉన్న రాత్రి, చెప్పులు లేకుండా, ఫ్యాన్లన్నీ ఆపేసి, చేతిలో ఒక అగరొత్తి వెలిగించుకుని గది గది తిరగండి. కిటికీ అంచుల దగ్గర, తలుపు కింద, గోడలోంచి కేబుల్ వచ్చే కన్నం దగ్గర, ఏసీ పైపు గోడలోకి దూరే చోట అగరొత్తి ఓ అరనిమిషం కదపకుండా పట్టుకోండి. పొగ నిటారుగా పైకి పోతే అక్కడ సమస్య లేదు. పక్కకి వంగినా, వణికినా, గదిలోకి తోసుకొచ్చినా అక్కడ సందు ఉన్నట్టే, చిన్న టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి. కర్టెన్లకి మాత్రం దూరంగా పట్టుకోండి మరి, చలి పోగొడదామని బయల్దేరి ఇల్లు తగలెట్టుకోకూడదు కదా. మా హాల్లో నేను ఒకటో రెండో ఉంటాయేమో అనుకున్నా, ఏడు టేపు ముక్కలు పడ్డాయి, వాటిల్లో మూడు ఒక్క కిటికీకే.

కిటికీ రెక్క గట్టిగా పడుతోందో లేదో చూడ్డానికి ఇంకో తేలిక మార్గం ఉంది. ఒక కాగితం ముక్క ఫ్రేముకీ రెక్కకీ మధ్య పెట్టి కిటికీ మూసి గడియ వేసి లాగండి. సుళువుగా జారి వచ్చేస్తే అక్కడ పట్టు లేదు, గాలి దూరుతుంది. నాలుగు వైపులా చేసి చూడాలి, ఎందుకంటే చాలాసార్లు గడియ వైపు బిగుతుగానే ఉంటుంది, బందుల వైపు వదులుగా ఉంటుంది.

ఇంకోటి కూడా గమనించండి, ఇంట్లోవాళ్ళు సాయంత్రం పూట వాళ్ళంతట వాళ్ళు ఎక్కడ చేరుతున్నారు అని. పిల్లి ఉంటే మరీ మంచిది, దాన్ని మించిన సర్వేయర్ లేదు.

రెండో పని: సందులు మూయడం

ఇది అందంగా ఉండే పని కాదు, ఫొటోలో కనపడదు, అందుకే అందరూ ఎగ్గొడతారు. కిటికీ రెక్కల చుట్టూ ఒకవైపు జిగురున్న ఫోమ్ టేపు అంటించండి. అంటించే ముందు ఫ్రేము తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి, దుమ్ము మీద అంటిస్తే వారానికి ఊడి వేలాడుతుంది (నాకు వేలాడింది). మరీ మందం టేపు తీసుకుంటే కిటికీ మూతపడదు, కాబట్టి ముందు సందు ఎంతుందో చూసుకోండి. తలుపు కింద సందుకి అడుగున బిగించే బ్రష్ పట్టీ దొరుకుతుంది. అదీ వద్దనుకుంటే పాత ప్యాంటు కాలు ఒకటి కోసి, లోపల చింపిరి బట్టలు, అడుగున కాస్త బరువు కోసం ఇసుక మూట పెట్టి రెండు కొసలూ కుట్టేస్తే ఓ పొడుగాటి దిండులా తయారవుతుంది, రాత్రి పూట గడప దగ్గర అడ్డంగా పడేయడమే. మంచి గుడ్డతో కుడితే అదే డెకరేషన్.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. గ్యాస్ పొయ్యి, గ్యాస్ గీజర్, కట్టెల పొయ్యి లాంటి మంట మండే వస్తువులున్న గదిలో వెంటిలేటర్లు మూయకండి. మంటకి గాలి కావాలి, అది అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది, దానికి రంగూ ఉండదు వాసనా ఉండదు.

మూడో పని: నేల

నేను ఎక్కువ టైమూ డబ్బూ పెట్టమనేది దీని మీదే. విచిత్రం ఏంటంటే, రాత్రంతా ఒకే గదిలో ఉన్న టైలూ, చెక్కా, తివాచీ మూడూ దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. కానీ టైలు మీద కాలు పెడితే జిల్లుమంటుంది, తివాచీ మీద పెడితే ఏమీ అనిపించదు. కారణం, రాయీ టైలూ మన పాదంలోని వేడిని గబగబా లాగేసుకుంటాయి, ఉన్నిలో ఇరుక్కుని ఉన్న గాలి లాక్కోలేదు. అంటే నేలని వేడి చేయక్కర్లేదు, పాదానికీ నేలకీ మధ్య గాలి పట్టి ఉంచే ఒక పొర వేస్తే చాలు. పైగా గదిలో చల్లగాలి బరువుగా ఉండి కిందకే దిగుతుంది కాబట్టి పాదాలకి రెండు వైపుల నుంచీ దెబ్బ.

తివాచీ కొనేటప్పుడు అందరూ చేసే తప్పు సైజు. సోఫా ముందు టీపాయ్ కింద తపాలా బిళ్ళ అంత ముక్క వేస్తారు, దాని మీద టీపాయ్ కాళ్ళు వెచ్చగా ఉంటాయి, మన కాళ్ళు గచ్చు మీద ఉంటాయి. కనీసం సోఫా ముందు కాళ్ళు రెండూ తివాచీ మీదకి రావాలి, సోఫా పొడవుకి అటు ఇటు ఓ 15 సెంటీమీటర్లు ఎక్కువుంటే ఇంకా మంచిది. షాపుకి వెళ్ళే ముందు పాత న్యూస్‌పేపర్లు ఆ సైజుకి నేల మీద పరిచి ఒక పూట అలా వదిలేయండి, మీరు నడిచే దారి, కూర్చున్నప్పుడు పాదాలు పడే చోటు ఆ పేపర్ల మీదకి వస్తున్నాయా చూడండి. ఈ పేపర్ల ఉపాయం నాకు ఒక తప్పు తివాచీ కొన్నాకే తట్టింది.

పెద్ద తివాచీ బడ్జెట్‌లో లేదా, అయితే కింద ఒక చవక జనపనార చాప పెద్దది పరిచి, దాని మీద కూర్చునే చోట మాత్రం చిన్న ఉన్ని తివాచీ వేయండి. రెండు పొరల మధ్య ఇంకాస్త గాలి చిక్కుతుంది, చూడ్డానికీ నిండుగా ఉంటుంది. తివాచీ అడుగున ఫెల్ట్ ప్యాడ్ (నారని నొక్కి చేసిన మందపాటి గుడ్డ) వేస్తే మెత్తగా ఉంటుంది, కానీ నున్నటి టైల్స్ మీద ఉత్త ఫెల్ట్ జారుతుంది, అడుగున రబ్బరు ఉన్నది అడగండి, ఇంట్లో పెద్దవాళ్ళుంటే దీంట్లో రాజీ పడొద్దు. అంచులు పైకి లేచి కాలికి తగిలే తివాచీ కంటే అసలు తివాచీ లేకపోవడమే మేలు.

మెటీరియల్ మాటకొస్తే ఉన్ని అన్నిటికంటే మంచిది, ధర కూడా అలాగే ఉంటుంది, మొదట్లో కొన్నాళ్ళు బొచ్చు రాలుతుంది కూడా, అది లోపం కాదు. పాలిస్టర్ బొచ్చు చవక, మెత్తగా ఉంటుంది కానీ నాలుగు నెలలకి తొక్కుడు పడ్డచోట అణిగిపోతుంది. డస్ట్ అలర్జీ ఉన్న ఇంట్లో పొడుగు బొచ్చు జోలికి పోకండి, పొట్టి నేత మందంగా ఉన్నది చాలు. మంచం దిగేచోట, స్నానాల గది బయట, వంటగదిలో నిలబడే చోట చిన్న చిన్న ముక్కలు వేసుకుంటే పొద్దున్నే లేవడానికి పడే ఏడుపు సగం తగ్గుతుంది.

నాలుగో పని: కిటికీలు, కర్టెన్లు

కిటికీ గట్టిగా మూసే ఉంది, అయినా దాని పక్కన కూర్చుంటే చలి. దీనికి రెండు కారణాలు. గదిలోని వెచ్చటి గాలి చల్లటి అద్దానికి తగిలి చల్లబడి జారి కింద నేల మీదుగా మన పాదాల దగ్గరికి వస్తుంది, బయటి గాలి కాదు అది, మన ఇంటి గాలే. రెండోది, మన ఒంటి వేడి ఎదురుగా ఉన్న చల్లటి అద్దం వైపు ఎప్పుడూ పోతూనే ఉంటుంది, అందుకే గదిలో థర్మామీటర్ బానే చూపిస్తున్నా ఒక భుజం మాత్రం చలేస్తూ ఉంటుంది. అత్తయ్యగారు కిటికీకి దూరం జరిగింది ఇందుకే.

కాబట్టి కర్టెన్ అందం కోసం కాదు, అద్దానికి ఒక దుప్పటి. గుడ్డ వెడల్పు కిటికీ వెడల్పుకి రెండింతలు ఉండాలి, అప్పుడే మూసినా మడతలు నిలుస్తాయి, ఆ మడతల్లో గాలి ఆగుతుంది, బిగలాగినట్టు ఉన్న కర్టెన్ చలినీ ఆపదు, చూడ్డానికీ పేదగా ఉంటుంది. రాడ్డు కిటికీ ఫ్రేముకి ఓ 10 నుంచి 15 సెంటీమీటర్లు పైన, అటు ఇటు 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎక్కువగా బిగించండి, పగలు తెరిచినప్పుడు గుడ్డ మొత్తం గోడ మీదకి పోయి అద్దం పూర్తిగా ఖాళీ అవుతుంది, గదిలోకి ఎండ మొత్తం వస్తుంది. కింద అంచు నేలకి తాకీ తాకనట్టు ఉండాలి. కిటికీ సైజుకే కత్తిరించిన పొట్టి కర్టెన్లో అద్దం దగ్గర చల్లబడ్డ గాలి కింద నుంచి ధారగా జారిపోతూనే ఉంటుంది. పైన కూడా అంతే, రాడ్డుకీ గోడకీ మధ్య పెద్ద ఖాళీ ఉంటే వెచ్చటి గాలి పై నుంచి దూరి, చల్లబడి కింద నుంచి వస్తుంది, ఓ చిన్న చెక్క పెట్టెలాంటి మూత పైన బిగిస్తే ఆ దారి మూసుకుంటుంది.

కొత్తవి కొనక్కర్లేదు కూడా. ఉన్న కర్టెన్ వెనక పాత మందపాటి దుప్పటి లైనింగ్‌లా కుట్టించండి, లేదా అవే రింగులకి క్లిప్పులు పెట్టి తగిలించండి, చలికాలం అయ్యాక తీసేయొచ్చు. మాకు టైలర్ ఒకే పూటలో కుట్టిచ్చాడు. బయట నుంచి చూస్తే ఎవరికీ తెలీదు, లోపల మాత్రం తేడా మొదటి రాత్రే తెలిసింది.

ఇంకా ముఖ్యం, వాడే పద్ధతి. ఎండ పడుతున్నంతసేపూ బార్లా తెరవండి, చలికాలంలో సూర్యుడు కిందగా ఉంటాడు కాబట్టి ఎండ గదిలో చాలా లోపలి దాకా వస్తుంది, ఎండ ఏ వేళకి ఎక్కడ పడుతోందో చూసి ఓ కుర్చీ అక్కడికి జరిపేయండి. పొద్దు గూకుతుండగానే, చీకటి పడకముందే మూసేయండి. రాత్రి పూట కర్టెన్ వేయని కిటికీ గదిలోంచి చూస్తే నల్లటి గొయ్యిలా కనిపిస్తుంది, ఆ ఒక్కటి మూస్తే చాలు గది చిన్నదై దగ్గరకి వచ్చినట్టు ఉంటుంది.

పొద్దున్నే అద్దాల మీద నీళ్ళు పడుతుంటే మాత్రం కర్టెన్ని తిట్టకండి, గదిలో తేమ ఎక్కువైందని అర్థం. రోజుకి రెండుసార్లు ఓ ఐదు పది నిమిషాలు కిటికీలు పూర్తిగా తెరిచి మూసేయండి. గాలి మారుతుంది కానీ గోడల్లో, సామాన్లలో ఉన్న వేడి అంతలోనే పోదు. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే ఒంటికీ ఇంటికీ మంచిది, అది చూపించే చిన్న మీటర్లు దొరుకుతాయి.

ఐదో పని: లైట్లు

ఇక్కడ నాకు కాస్త చాదస్తం ఉంది, భరించండి.

బల్బు డబ్బా మీద ఒక అంకె, పక్కన కె అన్న అక్షరం ఉంటుంది, కెల్విన్ అన్నమాట. 6500 అని ఉంటే నీలం ఛాయలో ఉన్న తెలుపు, పగటి వెలుతురు లాంటిది. 4000 మధ్యస్తం. 2700 అంటే మనం చిన్నప్పుడు చూసిన పాత ఫిలమెంట్ బల్బు పసుపు. కొవ్వొత్తి మంట దాదాపు 1900. అంకె తగ్గేకొద్దీ వెలుగు వెచ్చగా కనపడుతుంది, చాలామంది తిరగేసి అనుకుని ఎక్కువ అంకెది తెచ్చుకుంటారు. 1941లోనే డచ్ శాస్త్రవేత్త క్రౌట్‌హాఫ్ చెప్పాడు, వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు పసుపు ఛాయే కంటికి హాయిగా ఉంటుంది, అదే తక్కువ వెలుతురు నీలం ఛాయలో ఉంటే గది దిగులుగా, చల్లగా అనిపిస్తుంది అని. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు ఆయన మాటని కొంత తప్పుపట్టాయి, కానీ రాత్రి పూట 6500 బల్బు మసగ్గా వెలుగుతున్న గదిలో ఓ పది నిమిషాలు కూర్చుంటే ఆయన చెప్పింది ఎక్కడి నుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది.

కాబట్టి కూర్చునే గది, పడగ్గది రెండిట్లోనూ అన్ని బల్బులూ 2700 పెట్టండి. అన్నీ. ఒకటి 2700, ఒకటి 6500 కలిస్తే ఒక చెంప పచ్చగా ఇంకో చెంప నీలంగా కనిపిస్తుంది. చదువుకునే బల్లకీ, వంటగది గట్టుకీ మాత్రం తెల్లటిది ఉంచుకోండి, కూరగాయలు కోసేచోట హాయి అక్కర్లేదు, వేలు కనపడాలి.

తర్వాత, పైనున్న పెద్ద లైటు సాయంత్రం ఆపేయండి. పై నుంచి పడే ఒకే ఒక్క వెలుతురు గదిని ఆఫీసు చేస్తుంది, కళ్ళ కింద నీడలు పడి అందరూ జబ్బు చేసినట్టు కనిపిస్తారు. దాని బదులు మూడు చిన్న లైట్లు, మూడు ఎత్తుల్లో పెట్టండి. ఒకటి కుర్చీ పక్కన టేబుల్ ల్యాంప్, ఒకటి మూలన నిలువు ల్యాంప్, ఒకటి ఏ అలమార లోపలో కుండీ వెనకో దాచి గోడ మీద పడేలా. ల్యాంప్ షేడు కింది అంచు మీరు కూర్చున్నప్పుడు మీ కంటి ఎత్తులో ఉండాలి, అంటే నేల నుంచి దాదాపు ఒక మీటరు. అంతకంటే పైనుంటే బల్బు కంట్లో కొడుతుంది. వెలుగు ఎంతో చూడాలంటే వాట్లు కాదు ల్యూమెన్లు చూడండి, 800 అంటే పాత 60 వాట్ల బల్బు అంత, 450 అంటే పాత 40 వాట్లది. పక్క ల్యాంపుకి 450 బోలెడు, మూల లైటుకి 250 చాలు. డిమ్మర్ పెట్టాలనుకుంటే డిమ్ చేయదగ్గ ఎల్ఈడీ అని డబ్బా మీద రాసున్నదే కొనండి, లేకపోతే టపటపా కొట్టుకుంటుంది. డబ్బా మీద సీఆర్ఐ అనే అంకె 90 పైన ఉంటే మనుషుల మొహాలు, చెక్క, గుడ్డల రంగులు వాటి అసలు రంగుల్లో కనిపిస్తాయి.

షేడు గుడ్డదో కాగితందో తెల్లటిది కాక గోధుమ ఛాయలో ఉన్నది తీసుకోండి. మా హాల్లో జరిగింది చెప్తా. బీరువా పక్కన, అత్తయ్యగారి కుర్చీ దగ్గర, ఒక పాత స్టూలు మీద 450 ల్యూమెన్ల ల్యాంప్ పెట్టి ట్యూబ్‌లైటు ఆపేశా. వెలుగు కుర్చీ చుట్టూ ఓ గుండ్రటి ముద్దలా పడింది, బీరువా చెక్క మీద గీతలు ఎర్రగా తేలాయి. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు సాయంత్రం ఆవిడే వచ్చి ల్యాంప్ వేసి ట్యూబ్‌లైటు కట్టేశారు.

సీరియల్ లైట్లు పెట్టుకోవాలంటే పెట్టుకోండి, కానీ మెరిసే మోడ్ ఆపేసి, పసుపువి, ఏదో ఒక్కచోట.

ఆరో పని: కూర్చునే చోటు, గుడ్డలు

సోఫాని బయటి గోడ నుంచి, కిటికీ కింద నుంచి తీసేయండి. లోపలి గోడకి మార్చలేకపోతే కనీసం ఓ 5 సెంటీమీటర్లు ముందుకి జరపండి, వెనక గాలి ఆడుతుంది, లేకపోతే చలికాలం చివర్లో సోఫా వెనక, బీరువా వెనక గోడకి నల్లటి బూజు పడుతుంది. కుర్చీలు గోడలకి వరసగా బస్టాండులో లాగా కాకుండా ఎదురెదురుగా, చేయి చాస్తే అందేంత దూరంలో వేయండి. గది పెద్దదైతే మొత్తం వాడాలన్న రూలేం లేదు, ఓ పుస్తకాల అరనో, తడికనో అడ్డం పెట్టి ఒక మూల విడదీస్తే ఆ మూల చలికాలం గది అవుతుంది.

కూర్చునే ప్రతి చోటుకీ చేతికి అందేలా ఒక దుప్పటి, కాళ్ళు పెట్టుకోడానికి ఒక పీటో మెత్తటి స్టూలో, పక్కన వస్తువు పెట్టుకోడానికి జాగా, ఈ మూడూ ఉన్నాయా చూసుకోండి. మూడో దాన్ని తేలిగ్గా తీసుకుంటాం కానీ కళ్ళజోడూ ఫోనూ పెట్టుకోడానికి చోటు లేని కుర్చీలో ఎవరూ ఎక్కువసేపు ఉండరు.

దుప్పట్లలో నునుపుగా మెరిసేవి చూడ్డానికే. చేత్తో తడిమితే గరుకు, మెత్తన, ముడులు తెలియాలి. లావు దారంతో అల్లినది ఒకటి, మెత్తటి బొచ్చుది ఒకటి, పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి, ఇలా మూడు రకాలు కలిపితే రంగులు మామూలువైనా నిండుగా అనిపిస్తుంది. తోలు సోఫా, రెగ్జిన్ సోఫా ఉన్నవాళ్ళు ముందు సీటు మీద మందపాటి గుడ్డ పరవండి, మొదటి పది నిమిషాలు రాయి మీద కూర్చున్నట్టు ఉండే బాధ తప్పుతుంది. కుషన్లకి కొత్తవి కొనకుండా గలీబులు మాత్రం మార్చండి, కాటన్ తీసి కార్డురాయ్, వెల్వెట్, ఉన్ని. సోఫాకి నాలుగు దాటితే కూర్చునే ముందు వాటిని తీసి కింద పడేయాల్సి వస్తుంది, అనుభవంతో చెప్తున్నా.

గోడలు బోడిగా ఉంటే ఒక మందపాటి నేత గుడ్డో, చిన్న తివాచీనో వేలాడదీయండి, చల్లటి గోడ వైపు ఒళ్ళు వేడి పోగొట్టుకోవడం తగ్గుతుంది, గదిలో ప్రతిధ్వని కూడా పోతుంది. ఈ రెండో సంగతి నాకు ముందు తెలీదు. మాట ఠంగుమని తిరిగొచ్చే గది ఎంత సర్దినా ఖాళీ ఇల్లులాగే ఉంటుంది. తివాచీ, కర్టెన్, పుస్తకాలు, గోడ గుడ్డ పడ్డాక అందరం గొంతు తగ్గించి మాట్లాడ్డం మొదలుపెట్టాం.

రంగుల గురించి రెండు ముక్కలు

గోడలకి పెయింట్ వేయించక్కర్లేదు. గదిలో నూటికి 60 వంతులు ఇప్పుడున్న రంగే ఉండనివ్వండి, 30 వంతులు అంటే కర్టెన్, తివాచీ, దుప్పటి ఇటుక రంగులోనో ఆవపిండి పసుపులోనో ముదురు గోధుమలోనో తెచ్చుకోండి, మిగతా 10 మీ ఇష్టం, ముదురు ఆకుపచ్చ కానీ మెరూన్ కానీ. గుడ్డ ముక్క కొనే ముందు ఇంటికి తెచ్చి మీ ల్యాంప్ కింద రాత్రి పూట చూడండి, షాపు వెలుగులో మెరూన్ అనుకున్నది ఇంట్లో నలుపైపోతుంది. నలుపూ స్టీలూ గాజూ ఎక్కువున్న గదికి ఒకటి రెండు చెక్క వస్తువులు, ఒక అల్లిన బుట్ట కలిపితే చాలు.

పడగ్గది

మంచం తల వైపు బయటి గోడకి లేకుండా చూడండి. అందరూ పైన కప్పుకోడానికి మూడు దుప్పట్లు వేస్తారు, కింద పట్టించుకోరు. మన బరువుకి కింద ఉన్నది అణిగి గాలి పోతుంది కాబట్టి వేడి అటు నుంచి కూడా పోతుంది, బెడ్‌షీటు కింద ఒక కంబళి పరచండి. కప్పుకునేవి ఒక్క లావుదాని కంటే పల్చటివి రెండు మూడు నయం, మధ్యలో గాలి ఉంటుంది, ఉక్కపోస్తే ఒకటి తీసేయొచ్చు. మంచం పక్క ల్యాంప్ స్విచ్ పడుకున్న చోటు నుంచి అందాలి, లైటు ఆపడానికి చలిలో లేచి వెళ్ళాలంటే పెట్టిన ఖర్చంతా వేస్టు.

సీలింగ్ ఫ్యాన్‌కి రివర్స్ బటన్ ఉంటే తక్కువ స్పీడులో తిప్పండి, గాలిని పైకి తోసి కప్పు దగ్గర చేరిన వెచ్చదనాన్ని గోడల మీదుగా కిందకి దింపుతుంది. ఒంటికి గాలి తగులుతోందంటే స్పీడు ఎక్కువైందని.

మంట, హీటర్, కొవ్వొత్తి

ఇది చదవకుండా దాటేయకండి. హీటర్ చుట్టూ కనీసం ఒక మీటరు దాకా కర్టెన్, దుప్పటి, సోఫా ఏదీ ఉండకూడదు, మనం ఇప్పటిదాకా గదిలోకి తెచ్చినవన్నీ అంటుకునేవే అని గుర్తుంచుకోండి. 2000 వాట్ల హీటర్ 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, దాన్ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టకండి, నేరుగా గోడలో ఉన్న పవర్ సాకెట్‌కే. పడుకునే ముందు ఆపేయండి. బొగ్గుల కుంపటి మూసిన గదిలో పెట్టి నిద్రపోవడం చావుతో సమానం, ఇందులో మినహాయింపు లేదు.

కొవ్వొత్తి వత్తి వెలిగించే ముందు ఓ 6 మిల్లీమీటర్లు ఉంచి కత్తిరించండి, పొగ, మసి తగ్గుతాయి. కర్టెన్లకి దూరంగా, బరువైన పళ్ళెంలో, మీరు గదిలో ఉన్నంతసేపే. పిల్లలు, పెంపుడు జంతువులు ఉంటే బ్యాటరీ కొవ్వొత్తులు వాడండి, ఈ మధ్య వస్తున్నవి దూరం నుంచి చూస్తే తేడా తెలీట్లేదు. వాసనల విషయంలో ఒక గదికి ఒక వాసనే, అదీ తేలిగ్గా. గదిలోకి అడుగుపెట్టగానే ముక్కు పట్టేసే సెంటుకి తలనొప్పి వస్తుంది తప్ప హాయి రాదు.

చలి తగ్గాక

ఉన్నివి అలాగే మడిచి అటక ఎక్కించకండి. ఉన్ని తినే పురుగులకి చెమటా మరకలూ ఉన్న చోటంటే మరీ ఇష్టం, కాబట్టి ఉతికి, లేబుల్ మీద ఉన్నట్టు చల్లటి నీళ్ళలోనో డ్రైక్లీనింగ్‌కో ఇచ్చి, పూర్తిగా ఆరాక, మూత గట్టిగా పడే డబ్బాలోనో జిప్పు సంచిలోనో పెట్టండి. తివాచీ మడవద్దు, దులిపి చాపలా చుట్టండి, మడత పడ్డచోట విరుగుతుంది. కర్టెన్ వెనక లైనింగ్ విప్పినప్పుడు ఏది ఏ కిటికీదో చిన్న గుడ్డ పీలిక మీద రాసి పిన్ను పెట్టండి, నేను రాయక మళ్ళీ ఏడాది స్టూలెక్కి ఒక్కోదాన్నీ కొలుచుకుంటూ కూర్చున్నా. ఫోమ్ టేపు ఊడిందేమో అప్పుడే చూసి మార్చేస్తే వచ్చే చలికి ఆ పని ఉండదు.

మా హాల్లో అన్నీ తీసేశాం కానీ బీరువా పక్కన ఆ కుర్చీ, పీట, ల్యాంప్ మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఎండాకాలంలో కూడా అందులో కూర్చోడానికి మా ఇంట్లో వంతులు.